ఫైలు ఎవరి దగ్గర ఆగింది?

సోమవారం ఉదయం తొమ్మిదింటికి నేను కంప్యూటర్ ముందు కూర్చునేసరికి, శుక్రవారం సాయంత్రం నుంచి వచ్చి పడిన ఈమెయిళ్లు నూట ముప్ఫై దాకా ఉంటాయి. వాటిలో పదో పన్నెండో ఒకే వాక్యంతో వస్తాయి: "మా ఇంటి సంగతి ఏమైనా తెలిసిందా?" అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు. దాచుకున్నదంతా ఒక ఇంటి మీద పెడుతున్నవాళ్లకు ఆదివారం రాత్రి నిద్ర పట్టకపోవడంలో వింతేమీ లేదు. కానీ ఉన్న మాట చెబుతాను. అందరికంటే ఆలస్యంగా జవాబు వెళ్లేది ఆ పన్నెండుమందికే. అలా ఎందుకవుతుందో, ఆ వాక్యానికి బదులు ఏం రాస్తే అదే రోజు జవాబు వస్తుందో చెబుతాను.

నేను ఇంగ్లండ్‌లో ఇళ్ల కొనుగోళ్లు, అమ్మకాలు చూసే సొలిసిటర్‌ని, అంటే న్యాయవాదిని. పద్నాలుగేళ్లుగా ఇదే పని. మాది చిన్న సంస్థ, నాకు తోడు ఒక ప్యారాలీగల్ (న్యాయ సహాయకురాలు) ఉంది. నా క్లయింట్లలో తెలుగువాళ్లు చాలామందే. కొందరు మేడమ్ అంటారు, కొందరు రెండో ఫోనుకే అక్కా అంటారు. అక్కా అని పిలిస్తే నాకు సంతోషమే గానీ, దానివల్ల ఫైలు వరసలో ముందుకు జరగదు. నేను చెప్పేది ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇల్లు కొనేవారికి. స్కాట్లండ్ పద్ధతి పూర్తిగా వేరు.

ముందు నా బల్ల సంగతి

ఈ వారం నా చేతిలో నడుస్తున్న ఫైళ్లు 70. వారానికి 37 గంటల 30 నిమిషాల పని. సమానంగా పంచితే ఒక్కో ఫైలుకు 32 నిమిషాలు. అలా ఎప్పుడూ పంచలేం. ఈ వారం తాళాలు చేతులు మారవలసిన ఇళ్లు నాలుగున్నాయి, ఒక్కొక్కటి సుమారు ఐదు గంటలు మింగుతుంది. అరవై పేజీల లీజు (ఫ్లాటును ఎన్నేళ్లకు, ఏ షరతులతో ఇస్తున్నారో చెప్పే ఒప్పందం) చదివి నివేదిక రాయవలసిన ఫ్లాట్లు రెండున్నాయి, చెరో మూడు గంటలు. అంటే 26 గంటలు ఆరు ఫైళ్లకే సరి. మిగిలిన 64 ఫైళ్లకు మిగిలేది పదకొండున్నర గంటలు, తలా పది నిమిషాల పైచిలుకు.

"ఏమైనా తెలిసిందా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నేను ఆ ఫైలు తెరవాలి, చివరి నాలుగు ఉత్తరాలు చదవాలి, కౌన్సిలు (స్థానిక పాలక సంస్థ) నుంచి ఏదైనా వచ్చిందేమో చూడాలి, అవతలి సొలిసిటర్ ఏం రాశారో వెతకాలి. ఆ వారం మీ వాటాకు వచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. అంతా చూసి నేను రాసేది "ఇంకా ఏమీ రాలేదు" అని.

ఇళ్ల పనికి మేము సాధారణంగా మొత్తం ఫీజు ముందే చెప్పేస్తాం. కోర్టు వ్యవహారాలు చూసే సొలిసిటర్లలో ఎక్కువమంది గంటల లెక్కన తీసుకుంటారు. గంటను ఆరేసి నిమిషాల చొప్పున పది ముక్కలు చేస్తారు. రెండు నిమిషాల ఫోనైనా ఒక ముక్క కిందే పడుతుంది. వాళ్ల దగ్గర ఆ ప్రశ్నకు ఖర్చు మీరు భరిస్తారు. నా దగ్గర ఇంకొకరి ఫైలు భరిస్తుంది.

మరి ఆ పది నిమిషాలు ముందు ఎవరికి? ఎవరు గట్టిగా అడిగితే వాళ్లకని చాలామంది అనుకుంటారు. నిజానికి మా వృత్తిలో వరసను తేదీలు నిర్ణయిస్తాయి. కోర్టు వ్యవహారాలు చూసే సొలిసిటర్లకు ఇది ప్రాణసంకటం. 1980 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఒప్పందం ఉల్లంఘన మీద దావాకు సాధారణంగా ఆరేళ్లు, శరీరానికి తగిలిన గాయాల మీద మూడేళ్లు గడువు. దావా పత్రం జారీ అయ్యాక నాలుగు నెలల్లోపు అవతలివారికి పంపాలి. ఆ తేదీ జారిపోతే కేసే పోవచ్చు, ఆ నష్టం సొలిసిటర్ మెడకు చుట్టుకుంటుంది. అందుకే అలాంటి తేదీలు ఒక్కరి డైరీలో ఉంచరు, సంస్థ మొత్తానికీ కనబడే పట్టికలో కూడా రాస్తారు.

నా తేదీలు అంత భయంకరమైనవి కావు గానీ ఎక్కువ. ఇల్లు చేతికొచ్చిన 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ రిటర్ను వేసి పన్ను కట్టాలి. 2019 మార్చి దాకా దీనికి 30 రోజులు ఉండేవి. వేల్స్‌లో ఈ పన్నుకు పేరూ లెక్కలూ వేరు. ల్యాండ్ రిజిస్ట్రీలో (ఇళ్ల, భూముల యాజమాన్యం నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం) చివరి సెర్చ్, అంటే హక్కుల తనిఖీ, తీసుకున్న నాటి నుంచి మనకు దొరికే రక్షణ 30 పనిదినాలు, ఆలోపు రిజిస్ట్రేషన్ దరఖాస్తు వెళ్లిపోవాలి. బ్యాంకు ఇచ్చిన మార్ట్‌గేజ్ (ఇంటి రుణం) ఆఫర్‌కు గడువుంటుంది. కాంట్రాక్టులు మార్చుకున్నాక, అంటే సంతకం చేసిన ప్రతులు ఇచ్చిపుచ్చుకుని ఒప్పందానికి కట్టుబడ్డాక, కంప్లీషన్ (డబ్బు కట్టి తాళాలు తీసుకునే) తేదీ తప్పితే అవతలివారు నోటీసు ఇవ్వవచ్చు. ఆ నోటీసులోని 10 పనిదినాలూ దాటితే మీరు కట్టిన డిపాజిట్ పోయే ప్రమాదం ఉంది, అది మామూలుగా ఇంటి ధరలో పది శాతం. ఇలాంటి తేదీ ముంచుకొస్తున్న ఫైలు ఉంటే, పది రోజులుగా ఎదురుచూస్తున్న మీ ఈమెయిల్‌ను పక్కన పెట్టడానికి నేను సందేహించను. రేపు ఆ తేదీ మీదైతే ఇంకొకరిదీ అలాగే పక్కన పెడతాను.

ఒక ఉదాహరణ చెబుతాను. 2025 ఏప్రిల్ 1 నుంచి స్టాంప్ డ్యూటీ లేని పరిమితి 2,50,000 పౌండ్ల నుంచి 1,25,000కు తగ్గింది. మొదటిసారి ఇల్లు కొనేవారికి 4,25,000 నుంచి 3,00,000కు దిగింది. సరిగ్గా 4,25,000 పెట్టి మొదటి ఇల్లు కొంటున్న జంటకు మార్చి 31 సోమవారం నాడు తాళాలు అందితే పన్ను సున్నా, మంగళవారం అందితే 6,250 పౌండ్లు. ఆ నెలంతా నా బల్ల మీద రెండే గుట్టలు: ఆ తేదీలోగా ముగియగలిగేవి ఒకటి, మిగతావన్నీ ఒకటి. రెండో గుట్టలోని వాళ్లకు ఆ నెల నేను సరిగా జవాబివ్వలేదు. ఆ సంగతి ముందే వాళ్లకు రాసి చెప్పాను కాబట్టి ఎవరూ తిట్టలేదు. తిట్టినా మనసులోనే తిట్టుకున్నారు.

ఆ ముందే చెప్పడం నేను ఊరికే నేర్చుకోలేదు. పని నేర్చుకుంటున్న మొదటి ఏడాదిలో ఒక జంటకు 19 రోజులు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఫైలులో తప్పేమీ జరగలేదు. కౌన్సిలు సెర్చ్ (ఆ ఇంటి గురించి కౌన్సిలు రికార్డుల్లో ఉన్న వివరాలు) రావాలి, అది వచ్చేదాకా చేసేది లేదు. చేసేది లేనప్పుడు రాసేదీ లేదనుకున్నాను. ఇరవయ్యో రోజున ఆయన స్వయంగా ఆఫీసుకు వచ్చారు. గొంతు పెంచలేదు. "మేము అద్దెకు ఉన్న ఇంటికి ఖాళీ చేస్తామని నోటీసు ఇచ్చేశాం, సామాన్లు అట్టపెట్టెల్లో సర్దేశాం, పాప స్కూలు పుస్తకాలు కూడా పెట్టెలోనే ఉన్నాయి, అసలు ఇల్లు వస్తుందా రాదా?" అని అడిగారు. రెండు వాక్యాలు రాసి ఉంటే ఆ నోటీసు ఇచ్చేవారే కాదు. అప్పటి నుంచి నా దగ్గర కదలని ఫైళ్లకు కూడా రెండు వారాలకొకసారి రెండు లైన్లు వెళతాయి. ఎవరి కోసం ఎదురుచూస్తున్నామో, మళ్లీ ఏ రోజు అడుగుతామో అందులో ఉంటుంది. మీ సొలిసిటర్‌కు ఈ అలవాటు లేకపోతే మొదటి రోజే అడిగి చేయించుకోండి. అడగనిదే అమ్మైనా పెట్టదు అన్నారు కదా.

అడగవలసిన ప్రశ్న

నా పట్టికలో ఒక్కో ఫైలుకు ఒక్కో వరస, మూడే గడులు: ఎవరి దగ్గర ఉంది, ఏమిటి, మళ్లీ ఎప్పుడు అడగాలి. మూడో గడి ఖాళీగా పెట్టి ఏ ఫైలూ మూయకూడదన్నది నాకు పని నేర్పిన పెద్దావిడ పెట్టిన నియమం. ఈ మధ్య ఒక ఫ్లాటు వరస ఇలా ఉంది: "మేనేజింగ్ ఏజెంట్, లీజ్‌హోల్డ్ సమాచార పత్రాలు, రుసుము 3న కట్టారు, 17న అడగాలి." మేనేజింగ్ ఏజెంట్ అంటే ఆ ఫ్లాట్ల భవనం నిర్వహణ చూసేవారు. పదిహేడో తేదీ ఉదయం ఆ వరస దానంతట అదే పైకి వస్తుంది. పదకొండున మీరు రాసినా నేను చెప్పగలిగేది ఆ వరసే.

కాబట్టి నన్ను ఆ వరసే అడగండి. "ఇప్పుడు మా ఫైలు ఎవరి దగ్గర ఆగింది? వాళ్లను మళ్లీ ఎప్పుడు అడుగుతారు?" దీనికి ఫైలు తెరవక్కరలేదు, పట్టిక చూసి అర నిమిషంలో చెప్పవచ్చు. నేను ఇంటికి వెళ్లిపోయినా నా ప్యారాలీగల్ చెప్పగలదు. "17న" అని జవాబు వస్తే 18 దాకా ఆగండి, 18న మళ్లీ అడగండి. పద్దెనిమిదిన అడిగే హక్కు మీకు పూర్తిగా ఉంది, ఎందుకంటే ఆ తేదీ నేనే ఇచ్చాను.

ఫైలు ఆగే చోట్లు పెద్దగా మారవు. కౌన్సిలు సెర్చ్ కొన్ని చోట్ల వారంలో వస్తుంది, కొన్ని చోట్ల వారాలు పడుతుంది. మేము చేయగలిగింది తొందరగా డబ్బు కట్టి దరఖాస్తు పెట్టడమే. అందుకే సెర్చ్‌ల డబ్బు అడిగిన రోజే కట్టేయండి. ఆ డబ్బుకు వారం తీసుకుని ఆలస్యమెందుకని అడిగేవాళ్లు ప్రతి నెలా ఉంటారు. అవతలి సొలిసిటర్‌కు మేము పంపే ప్రశ్నలను ఎంక్వైరీలు అంటాం. వాటికి జవాబు వాళ్ల క్లయింట్ దగ్గర నుంచి రావాలి. అలాంటప్పుడు ఎస్టేట్ ఏజెంట్‌కు ఫోను చేయండి. అమ్మేవాళ్లతో నేను నేరుగా మాట్లాడకూడదు, ఏజెంట్ మాట్లాడగలరు. పైగా కంప్లీషన్ అయితేనే ఏజెంట్‌కు కమిషన్ వస్తుంది, ఆ ఆతృతను వాడుకోవడంలో తప్పు లేదు. లీజ్‌హోల్డ్ ఫ్లాట్లలో మేనేజింగ్ ఏజెంట్ పత్రాలకే అన్నిటికంటే ఎక్కువ ఆలస్యం. ధర ఒప్పుకున్న రోజే అమ్మేవాళ్లను ఆ పత్రాలకు డబ్బు కట్టేయమని అడిగించండి. మీ ఇంటి వెనక గొలుసు ఉంటే, అంటే మీకు అమ్మేవాళ్లు ఇంకొకరి దగ్గర కొంటూ ఉంటే, ఆ గొలుసులో అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే మీ వేగం.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది

ఇక మనవాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది మనవాళ్ల దగ్గరే. ఈ మాట కొంచెం నిదానంగా చెప్పాలి.

మనీ లాండరింగ్ నిబంధనలు 2017 నుంచి ఇప్పటి రూపంలో ఉన్నాయి. వాటి ప్రకారం ఇల్లు కొనే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నేను తెలుసుకుని, ఫైలులో ఆధారం పెట్టుకోవాలి. ఖాతాలో డబ్బు కనబడితే సరిపోదు, ఆ ఖాతాలోకి ఎలా వచ్చిందో కూడా కావాలి. జీతం దాచుకున్నవాళ్లకు ఇది సులువే. అమ్మానాన్నలు ఊళ్లో పొలం అమ్మి పంపిన డబ్బుతోనే చిక్కు.

పోయిన ఏడాది ఒక అబ్బాయి ఫైలు. నాన్నగారు అర ఎకరం అమ్మారు. కొన్నవాళ్లు సగం డబ్బు నాన్నగారి ఖాతాలో వేశారు, సగం బావగారి ఖాతాలో వేశారు. ఆ రోజు బావగారు బ్యాంకులోనే ఉన్నారట. బావగారు తన వాటాను మూడు విడతల్లో పంపారు. నాన్నగారు చిన్నమ్మాయి ఖాతా మీదుగా పంపారు, ఆ అమ్మాయికి ఆన్‌లైన్ వాడకం తెలుసు కాబట్టి. ఇందులో దొంగతనం ఎక్కడా లేదు, ప్రతి ఇంట్లో జరిగేదే. కానీ నా బల్ల మీద అది నలుగురు మనుషులు, నాలుగు ఖాతాలు, ఏడు బదిలీలు. ఆధారాలు ఫోనులో ఫొటోలు తీసి పదిహేడు ఈమెయిళ్లలో పంపాడు. ఒక ఫొటోలో దస్తావేజు మీద నాన్నగారి బొటనవేలు ఉంది, సరిగ్గా అమ్మకం మొత్తం రాసిన చోట. "అక్కా, మీకు తెలుగు వచ్చు కదా, చదువుకోండి" అన్నాడు. నాకు వచ్చు. రేపు నా ఫైలు తనిఖీ చేసేవారికి రాదు. అనువాదం కావాలి. ఐదు వారాలు అక్కడే గడిచాయి, ఆ ఐదు వారాలూ నేను జవాబివ్వడం లేదని వాళ్లింట్లో మాట.

మీరు చేయవలసింది ఇది, అదీ ఇల్లు వెతకడం మొదలుపెట్టినప్పుడే. ఒక పేజీలో డబ్బు కథ రాయండి. ఎంత, ఏ తేదీన, ఎవరి ఖాతా నుంచి ఎవరి ఖాతాకు, దానికి ఆధారం ఏ పేజీలో ఉంది. ఆ పేజీ వెనక ఆధారాలను అదే వరసలో స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా కట్టండి. అమ్మకం దస్తావేజు, దాని అనువాదం, డబ్బు పడినప్పటి నుంచి బయలుదేరిన దాకా ఆ ఖాతా స్టేట్‌మెంట్లు పూర్తిగా. మధ్య పేజీలు తీసేసిన స్టేట్‌మెంట్ పనికిరాదు, తీసేసిన పేజీయే నేను మొదట అడిగేది. డబ్బు ఇచ్చినవాళ్ల గుర్తింపు పత్రం, అది బహుమానమనీ తిరిగి అడగమనీ ఇంట్లో వాటా కోరమనీ వాళ్లు సంతకం చేసిన ఉత్తరం కూడా ఉండాలి. మార్ట్‌గేజ్ ఇచ్చే బ్యాంకుకు కూడా ఈ బహుమానం సంగతి నేను చెప్పాలి, వాళ్లు ఆలోచించుకోవడానికి మరికొన్ని రోజులు పడతాయి.

డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఎన్ని తక్కువ ఖాతాలు దాటితే అంత మంచిది. అమ్మినవారి ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాకు రావాలి. భారతీయ రిజర్వు బ్యాంకు పథకం కింద అక్కడ నివసించే ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపవచ్చు కాబట్టి, చాలా కుటుంబాలకు పరిమితి అడ్డం రాదు. బ్యాంకులో కాగితాల పని మాత్రం ఒక పూటలో తేలేది కాదు. దాన్ని కాంట్రాక్టు మార్చుకునే వారానికి వాయిదా వేయకండి.

ఈమెయిల్ ఎలా రాయాలి

అంశం (సబ్జెక్ట్) గడిలో ఇంటి చిరునామా, మా ఫైలు నంబరు ఉండాలి. "అత్యవసరం" అని ఒక్క మాట పెట్టి పంపినవి రోజుకు ఆరు వస్తాయి, వాటిలో చిరునామా ఉన్నది ఒకటో రెండో. ఒక ఈమెయిల్‌లో ఒక విషయం చాలు. పాత ఈమెయిళ్ల గొలుసులోనే రాయండి, ప్రతిసారీ కొత్తది మొదలుపెట్టవద్దు. ప్రశ్నలుంటే అంకెలు వేయండి, నేను అదే అంకెల కింద జవాబు రాసేస్తాను. తేదీ కావాలంటే ఎందుకు కావాలో చెప్పండి. కారణం ఉన్న తేదీ నా పట్టికలోకి వెళుతుంది, కారణం లేని తొందర వెళ్లదు.

నాకు వచ్చిన వాటిలో మంచిదాన్ని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది:

"మా మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు 28వ తేదీతో ముగుస్తుంది. 1. గడువు పొడిగించమని బ్యాంకును ఇప్పుడే అడగమంటారా, ఇంకో వారం చూద్దామా? 2. కప్పు మరమ్మతు గురించి మీరు పంపిన ఎంక్వైరీ ఎవరి దగ్గర ఉంది? బ్యాంకుకు ఫోను చేయాలంటే నాకు గురువారం సెలవు, బుధవారంలోగా మీ మాట తెలిస్తే చాలు."

దీనికి నేను నాలుగు నిమిషాల్లో జవాబిచ్చాను. ఇచ్చాక ఆ ఆఫర్ గడువు నా పట్టికలో తప్పు పడిందని చూసుకుని దిద్దుకున్నాను కూడా.

ఆలుమగలిద్దరూ కొంటుంటే నాతో రాసేది ఒకరే అని తేల్చుకోండి, రెండోవారికి నకలు పెట్టండి. భార్యకు ఉదయం చెప్పిన జవాబే భర్తకు మధ్యాహ్నం చెప్పడం నాకు వారానికి రెండుసార్లయినా తప్పదు. ఒకే ప్రశ్న ఈమెయిల్‌లో, ఫోనులో, వాట్సాప్‌లో మూడు చోట్లా పంపకండి. వాట్సాప్‌లో వచ్చింది ఫైలులోకి చేరదు, చేరనిది నాకు అడగనట్టే లెక్క. సంతకం పెట్టమని, ఫారం నింపమని మేము పంపినవి మాత్రం వచ్చిన రోజే తిప్పి పంపండి. తప్పుల్లేకుండా నిండిన ఫారంతో వచ్చిన ఫైలును ఆ పూటే తీస్తాను, సగం నిండినదాన్ని మళ్లీ అడిగే ఉత్తరంతో పక్కన పెడతాను. మనిషి స్వభావం.

వేళ కూడా చూసుకోండి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా నేను ఫోను ఎత్తను, అది లీజులు చదివే వేళ. శుక్రవారాలు, నెలాఖరు రోజులు కంప్లీషన్లకే సరిపోతాయి. బ్యాంకు బదిలీ అందిందా లేదా అని చూసుకుంటూ, సామాన్ల బండిలో కూర్చుని తాళాల కోసం ఎదురుచూస్తున్న కుటుంబంతో ఫోనులో మాట్లాడుతూ ఉంటాను. మంగళ, బుధవారాల మధ్యాహ్నం ప్రశాంతం. మీ సొలిసిటర్ వేళలు వేరుగా ఉండవచ్చు, మొదటి ఉత్తరానికి జవాబు రాసేటప్పుడే అడిగి తెలుసుకోండి. ఆయన లేదా ఆవిడ సెలవులో ఉంటే ఫైలు ఎవరు చూస్తారన్నది కూడా అప్పుడే అడగండి.

ఈ వేళాపాళాలేవీ పట్టించుకోకుండా వెంటనే ఫోను చేయవలసిన సందర్భం ఒకటుంది. డబ్బు వేరే ఖాతాకు పంపమని మా పేరుతో ఈమెయిల్ వస్తే, దాన్ని నమ్మకండి. ఈమెయిళ్లలోకి చొరబడి, కంప్లీషన్ ముందు సరిగ్గా ఇలాంటి ఉత్తరం పంపి డిపాజిట్లు కాజేసే ముఠాలున్నాయి. ఆ ఈమెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా, మొదటి రోజు మేము పంపిన కాగితం మీది నంబరుకు చేయండి. ఆ ఫోను లీజు చదివే వేళ వచ్చినా నేను ఎత్తుతాను, మా రిసెప్షన్‌లో ఆ మాట చెప్పి ఉంచాను.

ఎంతకీ జవాబు రాకపోతే

ఇన్ని గంటల్లో జవాబివ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. సొలిసిటర్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఆర్‌ఏ 2019 నవంబరు నుంచి అమలు చేస్తున్న నియమావళిలో, పని సమర్థంగా, సకాలంలో చేయాలని మాత్రం ఉంది. రెండు పనిదినాలా, ఐదా అన్నది ఆయా సంస్థలు తమకు తాము పెట్టుకునేది. మీకు మొదట పంపిన ఉత్తరంలో అది రాసి ఉండవచ్చు. ఫిర్యాదు ఎవరికి చేయాలో మాత్రం అందులో తప్పకుండా ఉండాలి. చాలామంది ఆ ఉత్తరం చదవకుండానే సంతకం పెడతారు.

చెప్పిన తేదీ దాటి రెండు రోజులైతే మళ్లీ రాయండి. అప్పటికీ లేకపోతే ప్యారాలీగల్‌కు ఫోను చేయండి, ఆ తర్వాత విభాగం పెద్దకు రాయండి. ఇక్కడిదాకా ఇది ఫిర్యాదు కాదు, ఎవరూ నొచ్చుకోరు. నిజం చెప్పాలంటే పని మునిగిపోయిన జూనియర్‌కు ఇది మేలే చేస్తుంది, పైవాళ్లు వచ్చి పది ఫైళ్లు తీసుకుంటారు. అదీ పనిచేయకపోతే "ఫిర్యాదు" అన్న మాట వాడి, తేదీలతో సహా రాతపూర్వకంగా పంపండి. సంస్థకు ఎనిమిది వారాల సమయం ఉంటుంది. వాళ్ల తుది జవాబు నచ్చకపోయినా, ఎనిమిది వారాల్లో రాకపోయినా లీగల్ అంబుడ్స్‌మన్ (న్యాయ సేవల మీద ఫిర్యాదులు చూసే సంస్థ) దగ్గరికి వెళ్లవచ్చు. 2010 నుంచి ఉన్న వ్యవస్థ, మీకు ఖర్చు ఉండదు. తుది జవాబు అందిన ఆరు నెలల్లోపు, పొరపాటు జరిగిన లేదా మీకు తెలియవలసిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. మీ పని చూసేది సొలిసిటర్ కాక లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ (ఇళ్ల బదిలీ పనికి లైసెన్సు పొందినవారు) అయినా అక్కడికే. ఆలస్యం, నిర్లక్ష్యం లాంటివి అంబుడ్స్‌మన్‌కు. డబ్బు మాయమవడం, అబద్ధాలు చెప్పడం లాంటివైతే ఎస్‌ఆర్‌ఏకు.

మధ్యలో సొలిసిటర్‌ను మార్చడం ఆఖరి దారి. చేసిన పనికి డబ్బు తీరేదాకా పాత సంస్థ ఫైలును తన దగ్గరే ఉంచుకోవచ్చు. కొత్తవారు గుర్తింపు పత్రాల నుంచి, మీ నాన్నగారి పొలం దస్తావేజు నుంచి మళ్లీ మొదలుపెడతారు. ఎంక్వైరీలన్నీ ముగిసి కాంట్రాక్టు మార్చుకోవడమే మిగిలి ఉంటే పంటి బిగువున ఓర్చుకోమంటాను. సెర్చ్‌లు కూడా పెట్టకుండా నెల గడిపినవారైతే నిస్సందేహంగా మార్చేయండి.

తాళాలు వచ్చాక ఇంకో పని ఉంటుంది. స్టాంప్ డ్యూటీ కట్టి, రిజిస్ట్రేషన్ దరఖాస్తు పెట్టాక ఫైలు ల్యాండ్ రిజిస్ట్రీలో కూర్చుంటుంది, కొన్నిసార్లు నెలల తరబడి. దరఖాస్తు వెళ్లిందా అని ఒక్కసారి అడిగి, దాని నంబరు తీసుకుని ఊరుకోండి. రిజిస్ట్రేషన్ పూర్తయి టైటిల్ రిజిస్టరు (యాజమాన్యం నమోదైన పత్రం) ప్రతి వచ్చిన రోజు మాత్రం మీ పేర్లు అక్షరం అక్షరం చూడండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకచోట, అసలు పేరు రెండు ముక్కలుగా ఇంకోచోట, కొందరికి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. నా ఫైళ్లలోనే ఒకావిడ పేరు భర్త ఇంటిపేరుతో నమోదైంది. పెళ్లయినా ఆవిడ పుట్టింటి పేరే ఉంచుకున్న సంగతి మా ఎవరికీ తట్టలేదు. ఆవిడ అదే సాయంత్రం రాశారు, అంశం గడిలో చిరునామా, టైటిల్ నంబరుతో సహా. మర్నాడు మధ్యాహ్నానికి దిద్దుబాటు దరఖాస్తు వెళ్లిపోయింది.